కాలుకాలిన పిల్లి



ఒకచోట కుదురుగా నిలవలేక లోపలికీ బయటికీ తిరిగే మనిషిని చూసి మనవాళ్ళు "ఏంట్రా, కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నావ్" అంటారు. ఆ మాట ఎక్కడ వినబడినా నాకు ఒక గండుపిల్లి కళ్ళముందు మెదులుతుంది. దాని కాలేమీ కాలలేదు. దానికి మూత్రం కట్టేసింది. అది నా దగ్గరికి వైద్యానికే వచ్చింది. నేనే పోల్చుకోలేకపోయాను.

పశువైద్యుడిగా నేను ఉద్యోగంలో చేరిన కొత్త రోజులవి. రాజోలు దీవిలో ఒక పల్లెటూరు. పొద్దున్నే ఆసుపత్రి ముందు గేదెలు బారులు తీరి ఉండేవి. ఒకదానికి పొదుగువాపు, ఒకదానికి చూడి పరీక్ష, ఇంకొకటి ఈనలేక అవస్థ పడుతూ ఉండేది. ఆ హడావుడిలో ఒక మామ్మగారు వెదురుబుట్ట చంకన పెట్టుకుని వచ్చారు. బుట్ట మీద తువ్వాలు కట్టి ఉంది. "నిన్నటినుంచీ ఒకటే ముక్కుతోంది బాబూ, దొడ్డికి అవట్లేదు. రాత్రి చెంచాడు ఆముదం కూడా పట్టాను" అన్నారు.

తువ్వాలు తొలగించి చూశాను. బూడిదరంగు మగపిల్లి. వీపు గూనిలా వంచి కూర్చుని ఉంది. మధ్యమధ్య తోక కింద నాక్కుంటోంది. నన్ను చూసి అరవలేదు, గీరలేదు, పారిపోబోలేదు. మంచి పిల్లి అనుకున్నాను. ఆవిడ చెప్పిన మాటే రోగమని నమ్మి మలబద్ధకానికి మందిచ్చి పంపేశాను. దాని పొట్ట మీద చెయ్యి వేయలేదు.

మర్నాడు సాయంత్రం ఆవిడ మళ్ళీ వచ్చారు. బుట్ట లేదు. "పొద్దున్న రెండుసార్లు కక్కింది బాబూ. మధ్యాహ్నానికి చెవులు చల్లబడిపోయాయి. పోయింది" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే అది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి పాఠ్యపుస్తకం తీసి చూస్తే, ఆ పిల్లి బుట్టలో కూర్చున్న తీరు దగ్గర్నుంచి అంతా అందులో రాసి ఉంది. వెనక కాళ్ళకు కాస్త ముందుగా పొట్టని రెండు వేళ్ళతో తడిమి ఉంటే, పెద్ద నిమ్మకాయంత గట్టి ఉండ చేతికి తగిలేది. నిండిపోయి, దారిలేక బిగుసుకుపోయిన మూత్రాశయం అది.

ఇవాళ నేను మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఒక్కటే. మగపిల్లి ముక్కుతూ కూర్చుంటే అది మలబద్ధకం అనుకోకండి. మూత్రం కట్టిందేమో అని ముందు అనుమానించండి. ఆ అనుమానం వచ్చిన గడియ నుంచి మన చేతిలో ఉండేది గంటలే, రోజులు కాదు.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మూత్రపిండాలు రాత్రింబవళ్ళు రక్తాన్ని వడగట్టి మలినాలను మూత్రాశయంలోకి దింపుతాయి. అక్కణ్ణుంచి బయటికి ఒక గొట్టం ఉంటుంది. ఆడపిల్లికి అది పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉంటుంది. మగపిల్లికి పొడుగు, పైగా చివరికి వచ్చేసరికి లోపలి దారి ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మూత్రాశయం గోడ వాచినప్పుడు ఊరే జిగురు, సన్న ఇసుకలాంటి స్ఫటికాలు ముద్దకట్టి ఆ దారిలో పడతాయి. ఒక్కోసారి చిన్న రాయి అడ్డుపడుతుంది. ఒక్కోసారి ఏ అడ్డూ లేకుండానే నొప్పికి ఆ గొట్టమే బిగుసుకుపోతుంది.

సముద్రం దగ్గర మొగ పూడిపోతే ఏమవుతుందో కోనసీమ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. మురుగు కాలువ వెనక్కి తన్ని ఎగువన చేలు మునుగుతాయి. పిల్లి ఒంట్లోనూ అంతే. వెనక్కి తన్నిన ఒత్తిడి మూత్రపిండాలను పని చెయ్యనివ్వదు. బయటికి పోవాల్సిన విషాలు రక్తంలోనే పేరుకుంటాయి. వాటితో పాటు పొటాషియం పెరుగుతుంది. అది హద్దు దాటితే గుండె నెమ్మదిస్తుంది, చివరికి ఆగిపోతుంది. పూర్తిగా కట్టేసిన పిల్లి ఒక రోజు గడిచేసరికి నీరసపడి వాంతులు మొదలుపెడుతుంది. వైద్యం అందకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది.

మరి గుర్తుపట్టడం ఎలా? పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. గేదె మేత మానేస్తే మనకు వెంటనే తెలుస్తుంది. కుక్క కుయ్యోమంటుంది. పిల్లి మంచం కిందికో, ధాన్యం బస్తాల వెనక్కో వెళ్ళి ముడుచుకుంటుంది. కాబట్టి మనమే గమనించాలి.

మొదటి గుర్తు, మాటిమాటికీ మూత్రానికి కూర్చోవడం. ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు పోస్తుంది. జబ్బు చేసింది గంటలో ఐదారుసార్లు కూర్చుంటుంది, లేస్తుంది, నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చుంటుంది. కాలుకాలిన పిల్లి అంటే అచ్చంగా ఇదే. రెండో గుర్తు, ఎప్పుడూ వెళ్ళే ఇసుక మానేసి చల్లటి గచ్చు మీద, స్నానాలగదిలో తూము దగ్గర, తడిబట్టల మీద కూర్చోవడం. పాడుబుద్ధి పుట్టిందని చీపురు తీయకండి. అది మీకు చెప్పుకునే పద్ధతి. మూడోది, కూర్చున్నప్పుడు బొంగురుగా అరవడం. నాలుగోది, తోక కింద అదేపనిగా నాక్కోవడం.

అది లేచి వెళ్ళాక ఆ చోటు చూడండి. ఒక తెల్లటి గుడ్డపేలిక ఆ తడి మీద అద్దండి. రూపాయి బిళ్ళంత తడి, అందులో లేత గులాబీ రంగు కనిపిస్తే మూత్రంలో నెత్తురు పడుతున్నట్టు. అలాంటి పిల్లిని ఆ రోజే చూపించాలి. అసలు తడే లేకపోతే, అది మగపిల్లి అయితే, అప్పటికప్పుడే బయల్దేరాలి. అర్ధరాత్రయినా డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. వాంతులు, తిండి మానెయ్యడం, ఒళ్ళు చల్లబడటం ఆఖర్న కనిపించే గుర్తులు. వాటి కోసం ఎదురు చూడకండి.

ఇప్పుడు చెయ్యకూడనివి. పొట్ట పిసకకండి. నిండిన మూత్రాశయం లోపలే చిట్లిపోవచ్చు. ఆముదం పట్టకండి. పల్లేరుకాయల కషాయం, కొండపిండాకు రసం పట్టకండి. మూసుకుపోయిన దారి వెనక మూత్రం పెంచినందువల్ల కీడే తప్ప మేలు లేదు.

ఇక మన కోనసీమవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది కొబ్బరినీళ్ళ గురించి. మనకు మూత్రం మంటగా ఉంటే ఇంటిముందు చెట్టెక్కించి బొండాం దింపించుకుంటాం. ఆ ప్రేమతోనే పిల్లికీ పట్టినవాళ్ళని చూశాను. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఎక్కువ. మూత్రం కట్టిన పిల్లి గుండెను ఆపేది ఆ పొటాషియమే. మనకు చలవ చేసేది దానికి ప్రాణం తీసేదవుతుంది. ఆ సమయంలో ఒక్క చెంచా కూడా పొయ్యకండి.

ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి గాలాడే బుట్ట గానీ, చిల్లులు పెట్టిన అట్టపెట్టె గానీ చాలు. కింద పాత చీర పరిచి, మీద గుడ్డ కప్పితే చీకట్లో పిల్లి తేరుకుంటుంది. చంకన పెట్టుకుని మోటారుసైకిలెక్కితే హారన్ మోతకి దూకి పారిపోతుంది. లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళు, పడవ మీదో పంటు మీదో రేవు దాటాల్సినవాళ్ళు సాయంత్రం అనుమానం వస్తే తెల్లారనిద్దాం అనుకోకండి. ఆఖరి పడవ వెళ్ళిపోక ముందే బయల్దేరండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి, పిల్లికి గొట్టం వేసి మూత్రం తీసే ఏర్పాటు ఉందా అని అడగండి. అమలాపురమో, కాకినాడో, రాజమహేంద్రవరమో ఎటు వెళ్ళాలన్నది అప్పుడే తేలిపోతుంది. పశువుల అంబులెన్సుకు 1962 నంబరు ఉంది. దగ్గర్లో ఏ డాక్టరు ఉన్నారో అక్కడా అడగవచ్చు.

ఇంకొక మాట. పిల్లిని పట్టుకుని బయల్దేరడం శకునానికి మంచిది కాదని, నలుగురూ నవ్వుతారని జంకేవాళ్ళు ఉన్నారు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆలస్యంగా వచ్చిన పిల్లులు ఎన్నో. వాటిలో కొన్ని కేవలం ఈ మొహమాటం వల్ల ఆలస్యమైనవి. ప్రాణం ముందు శకునం చూడకండి.

డాక్టరు ఏం చేస్తారు? మత్తిచ్చి, సన్నని మెత్తటి గొట్టం లోపలికి పంపి, అడ్డును నీళ్ళతో కడిగి దారి తెరుస్తారు. సెలైన్ ఎక్కించి రక్తంలో విషాలను, పొటాషియాన్ని దించుతారు. నొప్పికి మందిస్తారు. రెండు మూడు రోజులు గొట్టం ఉంచాల్సి రావచ్చు. ఇంటికి వచ్చాక కొన్నాళ్ళపాటు మళ్ళీ కట్టే ప్రమాదం ఉంది కాబట్టి ప్రతిసారీ పోసిందో లేదో చూడాలి. పదేపదే కట్టే పిల్లికి ఆ దారిని వెడల్పు చేసే ఆపరేషన్ కూడా ఉంది. రాళ్ళలో స్ట్రువైట్ అనే రకాన్ని డాక్టరు చెప్పిన ఆహారంతో కరిగించవచ్చు. కాల్షియం ఆక్సలేట్ రాయి కరగదు, తీయాల్సిందే. ఏ రాయో తెలియకుండా మందులకొట్లో అడిగి మందు వేస్తే లాభం లేదు. చిన్న వయసు పిల్లుల్లో సూక్ష్మజీవుల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ చాలా తక్కువ. కాబట్టి ప్రతి మూత్రం మంటకూ యాంటీబయాటిక్ వాడటం సరికాదు.

అసలిది ఎందుకొస్తుందన్న ప్రశ్నకు రెండు పెద్ద జవాబులున్నాయి. ఒకటి నీళ్ళు, రెండు బెంగ.

మన సీమకు ఒకపక్క గౌతమి, ఒకపక్క వశిష్ఠ, ఇంకోపక్క సముద్రం. మధ్యలో ఊరూరికీ కాలువ. ఇన్ని నీళ్ళ మధ్య పెరుగుతున్నా మన పిల్లి ఎడారి బిడ్డే. దాని పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియాల ఎండు నేలల్లో తిరిగిన అడవిపిల్లులు. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టిన ఆనవాలు దొరికింది. గాదెలో గింజలకు వచ్చే ఎలుకల కోసమే అది మనిషి గుమ్మంలోకి వచ్చింది. ఇన్ని వేల ఏళ్ళు గడిచినా దాని మూత్రపిండాలు మాత్రం ఎడారివే. నీళ్ళు తక్కువ తాగి, మూత్రాన్ని బాగా చిక్కబరచడం వాటి అలవాటు. ఎలుకలో, చేపలో నూటికి సుమారు డెబ్భై వంతులు నీరే. తిండితోనే దానికి నీళ్ళు అందేవి. ఇప్పుడు మనం కొట్లో కొని పెడుతున్న ఎండు గుళికల్లో నూటికి పది వంతులే నీరు. ఆ తేడాను పిల్లి తాగి పూడ్చుకోదు. మూత్రం ఇంకా చిక్కబడుతుంది.

కాబట్టి గుళికలు పెట్టేవాళ్ళు వాటిని నీళ్ళలో నానబెట్టి పెట్టండి. మనకు చేపలకు కొదవలేదు. చేపను ఉప్పూ కారం ఉల్లిపాయ లేకుండా ఉడికించి, ముల్లు తీసి, ఆ ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను చెడగొడతాయి. అందుకని పులుసులో ముక్క తీసి పెట్టడం మంచిది కాదు. పచ్చి చేపే రోజూ పెడితే కొన్ని రకాల వల్ల బి1 విటమిన్ నశిస్తుంది. చేప ఒక్కటే కాకుండా కోడిమాంసం, గుండెకాయ, గుడ్డు మార్చిమార్చి పెట్టండి. పాలూ అన్నమూ పెట్టి పెంచితే పిల్లికి చాలదు. టారిన్ అనే పోషకం మాంసంలోనే దొరుకుతుంది. అది లేకపోతే పిల్లి చూపు మందగిస్తుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ గుండెజబ్బుకు కారణం టారిన్ లోటేనని 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చారు.

నీళ్ళగిన్నెను తిండిగిన్నె పక్కన పెట్టకండి. వేరేచోట, వెడల్పుగా ఉన్న మట్టిమూకుడులో పెట్టి రోజూ మార్చండి. ఇంట్లో రెండు చోట్ల ఉంటే ఇంకా మంచిది. నాలుగు కేజీల పిల్లికి తిండిలోదీ తాగేదీ కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు అందాలి. అంటే ఒక గ్లాసుడు.

ఇక బెంగ సంగతి. రాళ్ళూ లేక, ఇన్ఫెక్షనూ లేక, మూత్రాశయం వాచి నెత్తురు పడే పిల్లులే ఎక్కువ. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్య ఆచార్యుడు ఏళ్ళ తరబడి ఈ జబ్బును పరిశీలించారు. ఇల్లు ప్రశాంతంగా ఉండి, దాక్కునే చోటు, ఎక్కే చోటు, వేళకు తిండి ఉంటే ఇలాంటి పిల్లులు తేరుకుంటాయని ఆయన పరిశోధనలు చూపించాయి. బెంగ ఎలా పుడుతుందో మన ఊళ్ళోనే చూడవచ్చు. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు దిగుతారు. పిల్లి పడుకునే అటక మీద పరుపులు, సూట్‌కేసులు చేరతాయి. దీపావళికి టపాసులు. ఇంట్లోకి కొత్త కుక్కపిల్ల. 2022 జూలై వరదలో లంకల్లో ఇళ్ళకు ఇళ్ళు మునిగితే జనం పిల్లాపాపలతో గట్ల మీదికి చేరారు. అలాంటప్పుడు మనుషులకే నిద్రపట్టదు, పిల్లి తట్టుకోగలదా? అందుకని ఇంట్లో సందడి మొదలయ్యే ముందే ఎవరూ కదపని ఒక మూల దానికి కేటాయించండి. అక్కడే నీళ్ళు, అక్కడే ఇసుక. వరద సామాను సర్దుకునేటప్పుడు దాని బుట్టనూ అందులో చేర్చండి.

మిగతా జబ్బుల గురించి త్వరగా చెబుతాను. జ్వరమనో నొప్పనో పిల్లికి పారాసిటమాల్ వెయ్యకండి. మనం మంచినీళ్ళలా మింగే ఆ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి, మొహం, పాదాలు వాస్తాయి. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి రాస్తే వణికి, మూర్ఛలొచ్చి పడిపోతుంది. కొబ్బరితోటల్లో, వరిచేలల్లో ఎలుకలకు మందు పెట్టినప్పుడు నాలుగు రోజులు పిల్లిని కట్టడి చెయ్యండి. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టండి. ఆ ఎలుకను తిన్న పిల్లికీ అదే గతి. కుండీలో లిల్లీజాతి పూలమొక్క పెంచుతుంటే పిల్లికి అందనివ్వకండి. దాని ఆకు, పుప్పొడి కూడా పిల్లి మూత్రపిండాలను పాడు చేస్తాయి.

పదేళ్ళు దాటిన పిల్లి నీళ్ళు ఎక్కువ తాగి, ఎక్కువ పోస్తూ, చిక్కిపోతుంటే ముసలితనం అని వదిలెయ్యకండి. మూత్రపిండాల జబ్బో, మధుమేహమో కావచ్చు. రక్తపరీక్షలో మూత్రపిండాల జబ్బు మామూలుగా బయటపడేసరికే వాటి పనిలో మూడొంతులు పోయి ఉంటుంది. ముందే చూపిస్తే ఆహారం మార్చి ఏళ్ళు కాపాడుకోవచ్చు. అలాంటి పిల్లికి ఉప్పుచేప, ఎండురొయ్యలు పెట్టకండి. ఏ వయసు పిల్లయినా రెండు రోజులు తిండి ముట్టకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్నదైతే, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లికూనలకు వాంతులు విరేచనాల జబ్బుకూ, రేబీస్‌కూ టీకాలున్నాయి, వేయించండి. పిల్లి కరిస్తే, గీరితే ఆ గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీళ్ళ కింద కడిగి, ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. గోడల మీద, తలుపుల మీద నిలబడి మూత్రం చిమ్మే గండుపిల్లిది జబ్బు కాదు, హద్దులు గీసుకునే గుణం. వృషణాలు తీసే చిన్న ఆపరేషన్‌తో అది చాలావరకు తగ్గుతుంది. ఊరంతా తిరిగి పోట్లాడి గాయాలతో రావడమూ తగ్గుతుంది.

ఆ మామ్మగారు మరుసటేడు ఇంకో కూనను తెచ్చారు. టీకా వేయించడానికి. నేను సూది తీసేలోపు ఆవిడ దాన్ని బల్ల మీద నిలబెట్టి, "ముందు పొట్ట చూడండి బాబూ" అన్నారు. చూశాను. మెత్తగా ఉంది. ఆ రోజు నుంచి ఉద్యోగ విరమణ దాకా నా బల్ల మీదికి వచ్చిన ఏ పిల్లినీ పొట్ట తడమకుండా పంపలేదు.

మీ ఇంట్లో పిల్లి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లోకి వెళ్ళి మూత్రం పోసి వస్తుంటే ఎన్నిసార్లు పోసిందో మీకు లెక్క తెలియదు. ఒక పాత బేసిన్‌లో పొడి ఇసుకో, జల్లించిన కొబ్బరిపొట్టో పోసి ఇంట్లో ఒక మూల పెట్టండి. కొన్నాళ్ళకు అలవాటు పడుతుంది. ఇసుకలో మూత్రం ఉండకడుతుంది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఆ ఉండలు తీసి పారెయ్యండి, తీస్తూ లెక్కపెట్టండి. రెండో మూడో నిమ్మకాయంత ఉండలుంటే నిశ్చింతగా పడుకోండి. బఠాణీగింజలంతవి పదీ పన్నెండు ఉంటే తెల్లారగానే డాక్టరుకు చూపించండి. ఇసుక పొడిగా ఉండి, మీ మగపిల్లి దాని చుట్టూ తిరుగుతూ ఉంటే, బుట్ట తీసుకుని అప్పుడే బయల్దేరండి.